అర శాతం

కాజీపేట రైల్వే కాలనీ,
క్వార్టర్ల వెనుక పాత బాస్కెట్‌బాల్ కోర్టు.
సిమెంటు పగుళ్లల్ల గరిక,
రింగుకు నెట్ లేదు, పదేండ్ల సంది లేదు.
బంతి పడ్డదో లేదో చెవితోటే తెలుసుకోవాలె.
ఇనుము మోగితే తప్పినట్టు,
ఏమీ మోగకుంటే పడ్డట్టు.

ఆ నిశ్శబ్దం వరుసగ పదకొండుసార్లు విన్న.
సైకిల్‌కు స్టాండ్ ఏసి నిలబడ్డ.

గాదె ఎస్తేరు. ఇంటర్ సెకండియర్.
నాయిన దానియేలు కీమ్యాన్,
రోజూ పట్టాల ఎంబడి నడిచి
సుత్తెతోటి కొట్టి, సప్పుడు విని
ఎక్కడ వదులైందో చెప్పేటోడు.
పిల్లకు ఆ చెవి ఎక్కడిదో అప్పుడు సమజైంది.

"బూట్లు?" అన్న.
"మా అన్నయి సార్. ముందర బట్ట కుక్కిన."

ముప్పై ఒక్క ఏండ్ల సంది పీడీ సార్‌ని,
దేశమంతా పేరున్న ఇంజనీరింగు సంస్థల.
మా గేటు మీద అక్షరాలు ఇత్తడివి.
మాకు చెక్క పరిచిన కోర్టు ఉన్నది,
అద్దమసొంటి నేల, పట్టపగలు లెక్క లైట్లు.
ఆడేటోళ్లే లేరు.
ర్యాంకులొచ్చిన పిల్లలు వస్తరు,
ఎనిమిదో తరగతి సంది ఎండ తగలని పిల్లలు,
నాలుగడుగులు ఉరికి నడుము పట్టుకుంటరు.
పాపం, వాళ్లదేం తప్పు.
వాళ్ల బడిల గ్రౌండు అంటే బస్సులు నిలిపే జాగ.

స్పోర్ట్స్ కోటా అర శాతం.
వెయ్యి సీట్లకు ఐదు.

కమిటీ ముందట ఎస్తేరు కాగితాలు పెట్టిన.
రాష్ట్ర జట్టుకు రెండుసార్లు,
ఒక్క మ్యాచ్‌ల ముప్పై నాలుగు పాయింట్లు.
ఏసీ సప్పుడు. బిస్కెట్ల ప్లేటు.
"ఆట సరే, లెక్కలల్ల నిలబడ్తదా?" ఒకాయన.
"మనది విద్యాసంస్థ, తాలింఖానా కాదు" ఇంకొకాయన.
పోయిన నెల టోర్నమెంటుల ఓడి వచ్చిన్నాడు
"సంస్థ పరువు తీసినవ్ గదయ్యా" అన్నది
ఆయనే.

నాలుగు సీట్లు ఎటు పోయినయో వదిలెయ్యిండ్రి.
ఐదోది
పేరు నోరు తిరగని ఒక ఆటకు పోయింది.
జాతీయ పతకం, మెరిసే ముద్ర ఉన్న సర్టిఫికెట్,
దూదసొంటి చేతుల పిల్లగాడు.
"ఈ ఆట ఎట్ల ఆడ్తరు బాబూ?" అడిగిన.
వాళ్ల నాయిన దిక్కు చూసిండు.
నాయిన చైర్మన్ దిక్కు చూసిండు.
చైర్మన్ గడియారం దిక్కు చూసిండు.
నేను సంతకం పెట్టిన.
ఇది కూడ రాయాలె గదా.
నేనే పెట్టిన.

ఎస్తేరుకు ఎట్ల చెప్పాల్నో
మాటలు ఏరుకుంట ఏరుకుంట
ఫాతిమానగర్ బ్రిడ్జి మూడుసార్లు ఎక్కి దిగిన.
అవి ఒక్కటి కూడ అక్కరకు రాలే.
నా మొఖం చూసి తెలుసుకున్నది.
బంతిని తొడకు తుడుచుకుంట అడిగింది:
"మీ కోర్టుల లైట్లు ఎన్నింటిదాంక ఉంటయి సార్?"

పొద్దుందాక హన్మకొండల డిగ్రీ కాలేజి.
ఆరున్నరకు మా గేటు కాడ.
మా ఎలక్ట్రికల్ పోరగాండ్లు ముగ్గురు కలిసినా
ఆమెను ఆపలేరు.
మొన్న ఒకడు ఆయాసంతోటి కూలవడి
"సార్, ఈమెది ఏ బ్రాంచి?" అన్నడు.
నాకు దగ్గు వచ్చింది.

సెక్యూరిటీ కొమురెల్లి రూలు తప్పడు.
రోజూ రిజిస్టర్ ముందటికి జరుపుతడు.
పేరు. ఊరు. వచ్చిన టైము.
ఎవరిని కలవాలె.
మొదటి వారం నా పేరు రాసింది.
నిన్న పేజీలు తిప్పి చూసిన.
అటెన్క నా పేరు లేదు.
గుండ్రటి అక్షరాలు, తారీఖు తారీఖుకు అదే మాట:
రింగును.

పోయిన టైము గడిల
ఏమీ రాయలే.